సన్యాసమ్మ అనని మాటలు

మూడేళ్ళ రెండు నెలల తరవాత గొర్లె సన్యాసమ్మ పలికిన మొదటి మాట ఆమె భర్త గెడ్డం గురించి.

"ఆ గెడ్డమేటి, బైరాగోడిలాగ. గీసుకో."

మాట వచ్చింది ఆమె నోట్లోంచి కాదు. ఆమె నోరు కదలదు. చక్రాల కుర్చీ పక్కన బల్ల మీద పెట్టిన చిన్న నల్లటి స్పీకరులోంచి వచ్చింది. గొంతు మాత్రం ఆమెదే. మేనకోడలి పెళ్ళి వీడియోలో వంటవాళ్ళ మీద కేకలేస్తున్నప్పటి గొంతు తీసుకుని దాన్ని తయారుచేశారు. భర్త పైడయ్య రెండు చేతులతో మొహం కప్పుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆ గదిలో ఉన్న ఏడుగురూ నవ్వారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేక కిటికీ వైపు తిరిగారు.

సన్యాసమ్మ ఆర్టీసీ కండక్టరు. పంతొమ్మిదేళ్ళు విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట వెళ్ళే బస్సులో పనిచేసింది. నలభై నాలుగో ఏట ఒక ఉదయం డ్యూటీ ఎక్కబోతూ పడిపోయింది. మెదడు అడుగుభాగంలో రక్తనాళం మూసుకుపోయింది. తెలివి చెక్కుచెదరలేదు. చూస్తుంది, వింటుంది, నొప్పి తెలుస్తుంది. ఒంట్లో ఒక్క కండరం మాత్రం ఆమె మాట వినదు. మొదట్లో కనురెప్పలు ఆడించి అవునో కాదో చెప్పేది. ఏడాది తిరిగేసరికి అవీ ఆగిపోయాయి.

విశాఖ శివార్లలో కొండ మీద ఉన్న నాడీ పరిశోధన కేంద్రంలో డాక్టర్ ధర్మారావు పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఇలాంటివాళ్ళ కోసమే. మాట్లాడాలని అనుకోగానే నాలుకకూ పెదవులకూ మెదడు ఆజ్ఞలు పంపుతుంది. సన్యాసమ్మ మెదడు ఆ ఆజ్ఞలు పంపుతూనే ఉంది, దారి మూసుకుపోయింది అంతే. తపాలాబిళ్ళంత తీగల వలను పుర్రె కింద, ఆ ఆజ్ఞలు పుట్టే చోట అమర్చారు. అక్కడ పుట్టిన కదలికలను చదివి మాటలుగా మార్చే యంత్రానికి 'పలుకు' అని పేరు పెట్టారు.

యంత్రం కేంద్రానిదే కానీ దానికి చదవడం నేర్పింది మజ్జి తులసి. బొబ్బిలిలో తల్లితో పాటు ఉంటూ, మేడ మీద గదిలోంచి వేరువేరు కంపెనీలకు శబ్దాల ప్రోగ్రాములు రాసిపెట్టే మనిషి. ఎనిమిదేళ్ళు పెద్ద కంపెనీల్లో ఉద్యోగం చేసి, విసుగెత్తి, సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. కేంద్రం ఆమెను పదకొండు నెలల ఒప్పందం మీద తీసుకుంది. నలభై రోజులు తులసి సన్యాసమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. యంత్రంలో అంతకు ముందే ఉన్నది వార్తల్లోనూ పుస్తకాల్లోనూ ఉండే తెలుగు. సన్యాసమ్మకు అది పనికిరాదని తులసి మొదటి రోజే గ్రహించింది. శృంగవరపుకోట బస్సెక్కి నాలుగు రోజులు తిరిగింది. కండక్టర్లూ కూరగాయల ఆడవాళ్ళూ మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి, పైడయ్యను కూర్చోబెట్టి ఆయన భార్య వాడే తిట్లన్నీ అడిగి రాసుకుంది. ఒకటి రెండు తిట్లు చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డాడు.

పని ముగించే ముందు తులసి ధర్మారావుకు రెండు విషయాలు చెప్పింది.

ఒకటి, మెదడు ఉన్నచోట ఉండదు. వల కింద కణాలు రోజుకు రవ్వంత జరుగుతుంటాయి, ఒక్కో మాట తాలూకు గుర్తు పక్కకు పోతుంటుంది. నెలకోసారి అరపూట కూర్చుని సరిచెయ్యాలి. లేకపోతే యంత్రం పాత అచ్చు పట్టుకుని కొత్త కాగితం చదువుతున్నట్టే. రెండోది, కేంద్రం డైరెక్టరు అడిగి పెట్టించుకున్న ఊహ భాగం. మొదట్లో సన్యాసమ్మ మాటకూ మాటకూ మధ్య పది, పదిహేను క్షణాలు పట్టేది. చూడటానికి వచ్చిన పెద్దలు గడియారాలు చూసుకునేవారు. అందుకని, సంకేతం సరిగ్గా అందనప్పుడు ఆ చోట ఏ మాట వస్తే బాగుంటుందో యంత్రమే ఊహించి నింపే ఏర్పాటు చేయించారు. తులసి ఇష్టం లేకుండానే చేసింది. సన్యాసమ్మ అన్నవి తెల్ల అక్షరాల్లో, యంత్రం ఊహించినవి పసుపు అక్షరాల్లో తెర మీద కనబడేలా పెట్టింది. ఒక ప్రదర్శన రోజున ఆ పసుపు అక్షరాలు అసహ్యంగా ఉన్నాయని రంగు తీయించేసి అన్నీ తెల్లగానే చేయించారు.

"సార్, ఇది పాడైతే మూగబోదు. మాట్లాడుతూనే ఉంటుంది. నా భయం అదే," అంది తులసి.

నెలనెలా నిన్ను పిలిపిస్తాం కదా అన్నాడు ధర్మారావు. నిజంగానే అనుకున్నాడు.

ఆ చలికాలమంతా పెందుర్తిలో పైడయ్య ఇంట్లో సన్యాసమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడింది. కుళాయి దగ్గర వరస తప్పించినామెను గుమ్మంలోంచే కడిగేసింది. చారులో ఉప్పెంతో, పోపు ఎప్పుడు దించాలో కుర్చీలోంచి చెప్పి వండించుకుంది. పిల్లలు లేని ఇల్లు. మూడేళ్ళుగా పైడయ్య రెండు గంటలకోసారి గడియారం చూసుకుని ఆమెను పక్కకు తిప్పేవాడు, ఒళ్ళు పుండు పడకుండా. ఇప్పుడు గడియారం అక్కర్లేకపోయింది. వీపు మండితే ఆమే చెప్పేది, ఆయన తిప్పేవాడు. మూసేసిన వెల్డింగ్ షెడ్డు ఇంటి ముందే చిన్నగా మళ్ళీ తెరిచాడు. నిప్పురవ్వల చప్పుడు మధ్య ఆమె పిలిస్తే వినబడాలని స్పీకరుకు పొడుగు తీగ కట్టి షెడ్డులో ఒకటి పెట్టుకున్నాడు.

మార్చి ముప్పై ఒకటిన తులసి ఒప్పందం ముగిసింది.

ఏప్రిల్ మొదటి వారంలో ధర్మారావు కొత్త ఒప్పందం కోసం ఫైలు పెట్టాడు. పరిపాలనాధికారి లక్ష్మీపతి దాన్ని మర్నాడే వెనక్కి పంపాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆరేళ్ళ కిందట ఎవరికో సాయం చెయ్యబోయి ఆడిట్‌లో ఇరుక్కుని రెండు ఇంక్రిమెంట్లు పోగొట్టుకున్న మనిషి. ఈ ఏడాది నుంచి సొంతంగా పనిచేసే సాంకేతిక నిపుణులను కేంద్రం నేరుగా తీసుకోకూడదట. సరఫరాదారుగా నమోదు కావాలి, లేదా ఏదో ఒక ఏజెన్సీ ద్వారా రావాలి.

తులసి నమోదుకు దరఖాస్తు పెట్టింది. ఆధార్ కార్డులో మజ్జి తులసి అని, పాన్ కార్డులో ఎం. తులసమ్మ అని ఉన్నందుకు ఒకసారి తిరిగివచ్చింది. అది సరిచేయించుకునేసరికి పన్నెండు రోజులు. ఈసారి వ్యాపార స్థలం రుజువు అడిగారు. ఇల్లు తల్లి పేరున ఉంది. తల్లీకూతుళ్ళు అద్దె ఒప్పందం రాసుకుని స్టాంపు వేయించుకున్నారు. తరవాత, గతంలో కేంద్రానికి చేసిన పని సంతృప్తికరంగా పూర్తయిందన్న ధ్రువపత్రం కావాలన్నారు. ధర్మారావు సంతోషంగా రాసి లక్ష్మీపతికి ఇచ్చాడు.

"పని పూర్తయిందని మీరు రాస్తే, మళ్ళీ ఈవిడను ఎందుకు తీసుకుంటున్నట్టండీ?" అన్నాడు లక్ష్మీపతి. "పూర్తవలేదని రాస్తే, అసంపూర్తిగా వదిలేసిన మనిషికి రెండోసారి పని ఇవ్వకూడదు. ఏది రాయమంటారో మీరే చెప్పండి."

ఇది గోడ కట్టి వదిలేసే పని కాదనీ, నెలనెలా చూసుకోవాల్సిన పని అనీ ధర్మారావు చెప్పాడు. అలాగైతే అది నిర్వహణ ఒప్పందం అవుతుంది, దానికి టెండరు పిలవాలి, కనీసం ముగ్గురు పాల్గొనాలి అన్నాడు లక్ష్మీపతి. ఈ పని తెలిసిన మనిషి దేశంలో ఒక్కతే ఉంటే ముగ్గురు ఎక్కడి నుంచి వస్తారని ధర్మారావు అడిగాడు. ఒక్కతే అని రుజువు చేస్తూ పై కమిటీకి రాయండి అన్నాడాయన. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. పోయిన వారమే కూర్చుని లేచింది.

తులసి ఫోను చేసింది. ఏమీ ఇవ్వక్కర్లేదు, ఒప్పందం లేకుండానే వస్తాను, అరపూట కూర్చోనివ్వండి చాలు అంది. ధర్మారావు ఆ మాట కూడా లక్ష్మీపతి చెవిన వేశాడు. ఒప్పందం లేని బయటి మనిషి రోగి తలలో ఉన్న పరికరాన్ని ముట్టుకుంటే, రేపు ఏదైనా జరిగితే సంతకం ఎవరిది అని అడుగుతారు అన్నాడాయన. అప్పటికే తులసి లాగిన్ కూడా మూసేశారు.

ధర్మారావు దగ్గర తన లాగిన్ ఉంది. పెందుర్తిలో ఆ ఇంటికి ఎప్పుడైనా వెళ్ళే హక్కు ఉంది. ఒక ఆదివారం ఉదయం తులసిని రమ్మని, తన పాస్‌వర్డ్ కొట్టి కూర్చోబెడితే మధ్యాహ్నానికి అయిపోయేది. ఆ సంగతి ఆయనకు తట్టకపోలేదు. ప్రాజెక్టును మరో అయిదేళ్ళు పొడిగించే కాగితం అదే నెలలో డైరెక్టరు బల్ల మీద ఉంది. ఇప్పుడు నిబంధన మీరినట్టు ఎవరైనా రాస్తే మొత్తం పోతుందనుకున్నాడు. ఇంకో నెల చూద్దాం, యంత్రం బాగానే మాట్లాడుతోంది కదా అనుకున్నాడు.

యంత్రం నిజంగానే బాగా మాట్లాడుతోంది. ఇదివరకటి కంటే బాగా.

మే నెలలో నెలసరి పరీక్షకు ధర్మారావు పెందుర్తి వెళ్ళాడు. పైడయ్య షెడ్డులో కిటికీ ఊచలు అతుకుతున్నాడు. కళ్ళద్దాలు తీసి, కుర్చీ తుడిచి వేసి, టీ తెచ్చిచ్చాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు.

"ఈమధ్య మా ఆడది మెత్తబడిపోనాది సార్," అన్నాడు. "తిట్టడం మానీసినాది. ఏటడిగినా బాగుంది, పరవానేదు అంతాది. మనూరి మాట కూడా ఒగ్గీసినాది. టీవీలో అమ్మగారు మాటాడినట్టు మాటాడతంది."

రోజంతా టీవీ ముందే ఉంటుంది కదా, ఆ మాటలే అలవాటవుతాయి అన్నాడు ధర్మారావు. తన నోటినుంచి ఆ జవాబు అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆయనకు తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది. ఆ నిమిషంలో మాత్రం టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి, ఎలా ఉన్నారు సన్యాసమ్మగారూ అని పలకరించాడు.

"నాకు చాలా బాగుందండీ. మీరంతా ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు," అంది యంత్రం.

సన్యాసమ్మ సగం మూసిన కళ్ళతో గోడ వైపు చూస్తోంది. ఆమె కళ్ళు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

జూన్‌లో ప్రాజెక్టు పొడిగింపు వచ్చింది. దాంతో పాటు, నాలుగింతలు పెద్దదైన కొత్త వల. పాతది తీసి కొత్తది పెట్టాలంటే మళ్ళీ పుర్రె తెరవాలి. రోగి ఒప్పుకోవాలి. జూన్ పదకొండు ఉదయం డైరెక్టరూ, పరిశోధనల్లో రోగుల హక్కులు చూసే నీతి సంఘం నుంచి ఇద్దరూ, శస్త్రవైద్యుడూ పైడయ్య ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వీడియో తీస్తున్నారు. ప్రమాదాలన్నీ ధర్మారావే చదివి వినిపించాడు. అంగీకార పత్రంలో 'యంత్రం సక్రమంగా పనిచేయుచున్నదా?' అన్న గడి ఉంది. కలం అక్కడ ఒక్క క్షణం ఆగింది. చివరిసారి సరిచేసి పది వారాలు దాటింది. గదిలో అందరూ తనకోసమే చూస్తున్నారు. అవును అన్నచోట టిక్కు పెట్టాడు.

"మీ అందరి మీదా నాకు నమ్మకం ఉందండీ. ఆపరేషన్‌కు సిద్ధంగా ఉన్నాను," అంది యంత్రం.

పైడయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కత్తంటే భయపడే మనిషి, పంటి నొప్పికి కూడా ఆసుపత్రికి రాని మనిషి ఎంత ధైర్యంగా చెప్పిందో చూడండి అని అందరితోనూ అన్నాడు. సాక్షి సంతకం ఆయనే చేశాడు.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. మర్నాడు జ్వరం వచ్చింది. ఎందుకో అర్థంకాక నర్సు ఆమెను పక్కకు తిప్పి చూసింది. నడుం కింద అరచేయంత పుండు. అడుగున ఎముక కనబడుతోంది. ఇంతదాకా ఎలా రానిచ్చావని నర్సు పైడయ్య మీద విరుచుకుపడింది. తిప్పమని చెప్పలేదమ్మా, వీపు బాగుందా అని రోజూ అడుగుతున్నాను, హాయిగా ఉందనే చెబుతోంది అన్నాడు పైడయ్య. పుండులోంచి విషం రక్తంలోకి, రక్తంలోంచి తలలో కొత్త గాయానికి పాకింది. పద్దెనిమిది రోజులు సన్యాసమ్మ చావుబతుకుల మధ్య ఉంది.

బతికింది. యంత్రాన్ని మళ్ళీ కలిపారు. కొత్త వలకూ పాత లెక్కలకూ పొత్తు లేదు. ఏమీ అర్థంకాని యంత్రం పూర్తిగా ఊహ మీదే నడిచింది. 'ధన్యవాదాలండీ' అన్నది. ఒక నిమిషం ఆగి మళ్ళీ అన్నది. ఆ రోజు వార్డులో నాలుగు వందల సార్లకు పైగా అన్నది. పక్క మంచాల వాళ్ళు ఫోన్లలో వీడియో తీసుకున్నారు. ఎవరో పత్రికకు పంపబోతున్నారని డైరెక్టరుకు తెలిసింది.

నాలుగు నెలలు కదలని ఫైలు నాలుగు రోజుల్లో కదిలింది. తులసి పేరు ఒక ఏజెన్సీ జాబితాలో చేరింది. మూడు రోజుల పనికి ఉత్తరువు వచ్చింది. 'పరికరమునందలి దోషమును సరిచేయుట' అని దాని మీద రాసి ఉంది.

తులసి ఆగస్టు మొదటి సోమవారం ఉదయం వచ్చింది. ముందు ఊహ భాగాన్ని ఆపేసింది. వార్డులో ఒక్కసారిగా నిశ్శబ్దం. తరవాత ఆమె కేంద్రంలో కూర్చుని పాత రికార్డులు తెరిచింది. యంత్రం ఏమన్నా, ఏమీ అనకపోయినా, వల పట్టిన ముడి సంకేతాలన్నీ రోజూ దాచబడి ఉంటాయి. మార్చి నెలాఖరు నాటి గుర్తుల అచ్చుతో మొదలుపెట్టి, గుర్తులు రోజుకెంత జరిగాయో చూసుకుంటూ, ఒక్కో రోజూ ముందుకు నడుచుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ధర్మారావును పిలిచింది. కుర్చీ జరిపి, మీరే చదవండి సార్ అంది.

ఏప్రిల్ చివరిదాకా సగం మాటలు ఆమెవి, సగం యంత్రానివి. ఆ తరవాత నుంచి, ఎడమ పక్క యంత్రం అన్నది, కుడి పక్క సన్యాసమ్మ అన్నది.

మే ఆరు. 'నాకు హాయిగా ఉందండీ.' దాని ఎదురుగా: 'వీపు తిప్పు. వీపు మండతంది. తిప్పు.'

మే పద్నాలుగు. 'భోజనం బాగుందండీ.' దాని ఎదురుగా: 'నానలగ అననేదు. అది నాను కాదు. ఇటు సూడు.'

మే ఇరవై మూడు, ధర్మారావు టీ తాగిన రోజు. 'మీరంతా ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు.' దాని ఎదురుగా: 'బాబూ, ఇది నాను కాదు బాబూ. ఆపండి బాబూ.' ఆయన ఆ ఇంట్లో ఉన్న నలభై నిమిషాల్లో అదే మాట ముప్పై ఒక్కసార్లు ఉంది.

జూన్ పదకొండు. ధర్మారావు ఆ పేజీ చదవలేదు. తులసి చదివింది, గొంతు ఎత్తకుండా, చదవాల్సింది ఏదో చదివినట్టు.

"వద్దు. నానొద్దన్నాను. కొయ్యొద్దు. సంతకం ఎట్టకు. ఎట్టకు."

చదివాక ఆమె కంప్యూటరు వైపు తిరిగి మళ్ళీ పనిలో పడింది. తననొక మాట అంటే బాగుండునని ధర్మారావుకు అనిపించింది.

మర్నాడు ఈ సంగతి డైరెక్టరుకు తెలిసింది. పాత రికార్డులు చదవడం పని ఉత్తరువులో లేదనీ, ఒప్పందం ప్రకారం కేంద్రంలో బయటపడిన ఏ విషయమూ తులసి బయట చెప్పకూడదనీ లక్ష్మీపతి చేత రాయించి ఇప్పించాడు. కాగితం లక్ష్మీపతే తెచ్చి ఇచ్చాడు. ఆయన ఆ పేజీలు చదివాడు. అయినా అందినట్టు సంతకం తీసుకునే వెళ్ళాడు.

తులసి ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ధర్మారావుతో పాటు వార్డుకు వెళ్ళింది. కొత్త వలకు కొత్త అచ్చు తయారుచెయ్యాలంటే సన్యాసమ్మ పక్కన కూర్చోవాలి. పైడయ్య మంచం పక్క స్టూలు మీద ఉన్నాడు. నిన్నటి నుంచీ మాట్లాడటం లేదేమిటి, కోపమొచ్చిందా అని అడిగాడు. ఆయన అడిగింది తులసిని. తులసి ధర్మారావు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"బాబాయ్," అంది తులసి. "ఏప్రిల్ నెలాఖరు కాడ్నుంచి నీతో మాటాడింది పిన్ని కాదు. మిషనే కల్పించి చెప్పింది."

పైడయ్యకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పింది. ఆ తరవాత ఆయన ఒకటే అడిగాడు, మరి సన్యాసమ్మ ఏమన్నది అని. తులసి చెప్పింది. ఏదీ దాచలేదు. వీపు గురించి చెప్పినప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు, ఎటు వెళ్ళాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి మళ్ళీ కూర్చున్నాడు. జూన్ పదకొండు గురించి చెప్పినప్పుడు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. ధర్మారావు అక్కడ ఉన్నట్టే గుర్తించలేదు.

ఆ రోజూ, ఒప్పందంలో చివరిదైన మూడో రోజు మధ్యాహ్నం దాకా, తులసి ఒక్కో మాటా అడుగుతూ సన్యాసమ్మతో కూర్చుంది. సన్యాసమ్మ అలిసిపోయింది. జ్వరంలో చాలా కణాలు చచ్చిపోయాయి, వలలో సగం తీగలు ఏమీ పట్టడం లేదు. అయినా మూడింటికల్లా కొన్ని మాటలు అందేలా అయింది. ఊహ లేదు. ఆమె అన్నదే వస్తుంది, రాకపోతే రాదు. ఇప్పుడు మాట్లాడు బాబాయ్, పిన్ని వింటోంది అంది తులసి.

పైడయ్య దగ్గరికి జరిగాడు. ముందు స్పీకరే పలికింది. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య నిమిషం పైనే పట్టింది.

"నువ్వు," అంది సన్యాసమ్మ. తరవాత, "నమ్మీసినావు."

ఇరవై రెండేళ్ళు కలిసి బతికిన మనిషి, చారులో ఉప్పు తక్కువైతే ఊరుకోని మనిషి, మూడు నెలలు అమ్మగారిలా మాట్లాడుతుంటే ఎలా నమ్మాడో పైడయ్యకే తెలియలేదు. నమ్మితే బాగుంది కాబట్టి నమ్మాడు. తిట్టని పెళ్ళాం, నొప్పి లేని పెళ్ళాం. షెడ్డులో పని చేసుకుంటూ ఆ మెత్తటి మాటలు వింటుంటే ఆయనకు ప్రాణం హాయిగా ఉండేది.

"మరి నానేటి సెయ్యాలే?" అన్నాడు. "సెప్పు. ఇప్పుడు నానేటి సెయ్యాల?"

స్పీకరు పలకలేదు. అందరూ చూశారు. నాలుగైంది. నాలుగున్నరైంది. ఆమె మాట్లాడటం లేదో, మాట్లాడుతున్నది అందడం లేదో తులసికి కూడా తేల్చి చెప్పడం సాధ్యం కాలేదు. అయిదింటికి తులసి లాగిన్ గడువు ముగిసి తెర మీద గడి మూసుకుపోయింది. ధర్మారావు ముందుకు వంగి, తన పేరూ పాస్‌వర్డూ కొట్టి ఇచ్చాడు. నాలుగు నెలలుగా చెయ్యని పని పది క్షణాల్లో అయిపోయింది. తులసి ఇంకో రెండు రోజులు ఎవరి ఉత్తరువూ లేకుండా ఉండి చూసింది. మూడో రోజున వలలోంచి సంకేతాలే రావడం మానేశాయి. గాయం మానుతూ తీగల చుట్టూ మందపాటి పొర కట్టేసింది. ఇంక పుర్రె తెరవడం కుదరదని శస్త్రవైద్యుడు చెప్పాడు. విషయాలు బయటపెట్టినందుకు తులసిని ఏజెన్సీ జాబితాలోంచి తీసేశారు. ఆమె బొబ్బిలి వెళ్ళిపోయింది. ధర్మారావు ఫోను చేస్తే తీయలేదు.

సన్యాసమ్మను ఇంటికి తెచ్చారు. వల చచ్చిపోయిన సంగతి పైడయ్యకు ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పడం ధర్మారావు పని. రెండు వారాలు వాయిదా వేసి, చివరికి ఒక ఉదయం చెప్పాలనే నిశ్చయించుకుని పెందుర్తి వెళ్ళాడు.

షెడ్డు మూసి ఉంది. పైడయ్య మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. గోడకు కొత్త గడియారం, దాని కింద సుద్దతో రాసిన గంటలు. ధర్మారావు వచ్చినప్పుడు పదిన్నరైంది. పైడయ్య లేచి, భార్యను జాగ్రత్తగా ఎడమ పక్కకు తిప్పి, పుండుకు కట్టు మార్చి, దుప్పటి సర్ది, అప్పుడు ఆయనకు కుర్చీ వేశాడు. బల్ల మీద యంత్రం వెలుగుతూనే ఉంది. తెర ఖాళీగా ఉంది. స్పీకరు పూర్తి గొంతులో పెట్టి, ఆమె నోటి దగ్గరే దిండు మీద ఆనించి ఉంది.

కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ కూడా కొన్నానని పైడయ్య చెప్పాడు.

"ఆవేళ నానొకటడిగినాను కద సార్. దానికింకా జవాబు సెప్పనేదు. ఆలోసిస్తంది. దానికి కోపమొస్తే ఇలాగే, నెలేసి రోజులు మాటాడదు. తరవాత అదే సెప్తాది."

ధర్మారావు నోరు తెరిచాడు. పైడయ్య ఆయన మొహంలోకి చూస్తూ ఆగాడు. బయట ఏదో బస్సు హారను మోగించుకుంటూ పోయింది. సన్యాసమ్మ సగం మూసిన కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి. ఆమె విన్నదో లేదో, విని ఏమనుకుందో ఇంక ఎవరికీ తెలిసే దారి లేదు.

"అవును, కొంచెం టైము పడుతుంది," అన్నాడు ధర్మారావు.

టీ పెడతానంటే వద్దని లేచాడు. గుమ్మం దాకా వచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే, వెనక పైడయ్య స్టూలు మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది.